బఠాణీల పేజీలో తప్పు

యార్క్‌టన్, సస్కాచెవాన్
జనవరి 9

ఆర్డిస్ ట్వేట్ గారికి,

నేను ఓరెస్ట్ ఫెడోరక్ అనే రైతును. మీ ‘తోట దినచర్య’ కంప్యూటర్ ప్రోగ్రాం చెడిపోయింది. మా ఆవిడ నెట్టీ తొమ్మిదేళ్ళు తన తోట సంగతులన్నీ అందులో రాసుకుంది. అక్టోబరులో ఆమె పోయింది. మొన్న తెరిచి చూస్తే, కిందటి మే, జూన్ నెలల్లో ఒకే మాట నలభై ఒక్కసార్లు ఉంది: ‘ఈరోజు బఠాణీలు వేశాను. ఓరెస్ట్‌తో చెప్పాలి.’ మీ యంత్రానికి నత్తి పట్టింది. బాగుచేయించండి.

ఇట్లు,
ఓరెస్ట్ ఫెడోరక్

తా.క. ప్రోగ్రాం చివర ‘కృతజ్ఞతలు’ పేజీలో మొదటి పేరు మీదే, ఊరు డులూత్ అని ఉంది. యజమాని మీరేనని అర్థమైంది. డులూత్‌లో ఆ పేరుగలావిడ మీరొక్కరేనట.

డులూత్, మిన్నెసోటా
జనవరి 20

ఫెడోరక్ గారికి,

నెట్టీ గారి సంగతి చదివి బాధ కలిగింది. కానీ నేను యజమానిని కాను. పళ్ళ డాక్టరు దగ్గర ముప్పై ఏళ్ళు అపాయింట్‌మెంట్లు రాసి రిటైరయ్యాను. కొత్త ప్రోగ్రాం బయటికి రాకముందు వాడి చూసి, తప్పులుంటే తయారుచేసేవాళ్ళకు చెబుతాను. జీతం లేదు, ఇష్టంకొద్దీ చేస్తాను. కొనుక్కున్నవాళ్ళకు జవాబు చెప్పవలసింది కంపెనీ. వాళ్ళ చిరునామా వెనక రాశాను.

మీ మేలుకోరే,
ఆర్డిస్ ట్వేట్

తా.క. నా చేతికింద ఉన్నది ఒక పిల్లి. అదీ మాట వినదు.

ఫిబ్రవరి 1

ఆర్డిస్ గారికి,

జీతం లేకుండా పనిచేసేవాళ్ళే అసలు యజమానులు. మా చర్చిలో బంగాళాదుంప కూరి పెరోగీలు చుట్టే ఆడవాళ్ళకూ జీతం లేదు. ఫాదర్ గారు కూడా వాళ్ళకే భయపడతారు. కంపెనీకి రాశాను. ‘మీ విన్నపం అందింది’ అని మూడుసార్లు జవాబిచ్చింది. దానికీ నత్తే. నెట్టీ రాతంతా పెన్ డ్రైవ్‌లో ఎక్కించి పంపుతున్నాను. ఒక్క మాట చెప్పండి. తప్పు ప్రోగ్రాందా, కాదా?

ఓరెస్ట్

తా.క. లంచంగా ఒక సీసా చోక్‌చెర్రీ జామ్. మూత రాకపోతే పిల్లిని పిలవండి.

ఫిబ్రవరి 14

ఓరెస్ట్ గారికి,

తప్పు ప్రోగ్రాందే. ఇలాంటివి ఎన్నో చూశాను. ఒక్కటి ఉంచి మిగతావి కొట్టేయండి. వచ్చే విడతలో సరిచేస్తారు. పెన్ డ్రైవ్‌ను ప్రోగ్రాం రాసే అమ్మాయి రెనీకి పంపించాను. మీరు దిగులు పెట్టుకోకండి.

ఆర్డిస్

తా.క. మూత తీయడానికి పక్కింటాయనతోపాటు ఒక సుత్తి కూడా కావలసివచ్చింది.

ఫిబ్రవరి 25

ఆర్డిస్ గారికి,

నలభై కొట్టేశాను. ఒకటి ఉంది. మా అమ్మాయి డార్లీన్‌కి ఫోన్ చేసి, ‘మీ అమ్మ మతికేం కాలేదే, అంతా ఆ యంత్రం చేసిన పని’ అన్నాను. ‘అన్నం తిన్నావా నాన్నా?’ అని అడిగింది. ఈమధ్య నాకు తిండి సయిస్తోంది. మీ చలవే.

ఓరెస్ట్

తా.క. కాఫీ కొట్టు దగ్గర మీరు పెద్ద ఇంజినీరని చెప్పాను. ఇద్దరు తమ ట్రాక్టర్ల గురించి మీకు రాస్తారు.

మార్చి 10

ఓరెస్ట్ గారికి,

ఈ ఉత్తరం మూడుసార్లు రాసి చించేశాను. రెనీ అంతా చూసింది. ప్రోగ్రాంలో తప్పు లేదు. ఆ నలభై ఒకటీ వేరువేరు వేళల్లో చేత్తో టైపు చేసినవే. ఒక్క మధ్యాహ్నంలోనే ఆరుసార్లు.

‘చూడకుండా ఆయనకెందుకు చెప్పారు?’ అంది.

‘పెద్దాయన కుమిలిపోతున్నాడమ్మా.’

‘ఉన్న తప్పు పట్టుకుని మాకు చెప్పడం మీ పని ఆర్డిస్ గారూ. లేని తప్పు ఆయన చేతిలో పెట్టడం కాదు. తెలియకపోతే తెలియదనాలి.’

ఆమె రాతను మీ చేతే కొట్టేయించాను. క్షమించమనడానికి నోరు రావడం లేదు. ఈ పని మానేస్తున్నాను.

ఆర్డిస్

తా.క. ట్రాక్టర్ల ఉత్తరాలు వచ్చాయి. నాకు తెలియదని రాశాను.

మార్చి 22

ఆర్డిస్ గారికి,

మీరు రాసింది నాకు ముందే తెలుసు. షెడ్డు దాకా నడిచొచ్చి, ‘బఠాణీలు వేశాను ఓరెస్ట్’ అని చెప్పేది. ‘అలాగా, మంచిపని చేశావు’ అనేవాణ్ణి. ఎన్నిసార్లు చెప్పినా అప్పుడే విన్నట్టు వినేవాణ్ణి. ఆమె పోయాక, తప్పు యంత్రానిదని లోకంలో ఒక్కరైనా అంటే బాగుండుననిపించి మీకు రాశాను. మీరన్నారు. కొన్నాళ్ళు హాయిగా ఉన్నాను.

పెన్ డ్రైవ్ వెనక్కి పంపండి. నలభై ఒకటీ నాకు కావాలి. మీరు పని మానకండి.

ఓరెస్ట్

తా.క. రెనీ అన్నది నిజం. కిందటి వేసవిలో గిన్నెలు కడుగుతూ నెట్టీ అడిగింది, ‘ప్రోగ్రాంలో ఒకే మాట అన్నిసార్లు కనిపిస్తోంది, నాకేమైనా అవుతోందా ఓరెస్ట్?’ అని. డాక్టరు దగ్గరికి వెళ్దామనాల్సింది. ‘నీకేం కాలేదు, ఆ ప్రోగ్రామే మంచిది కాదు’ అన్నాను. నమ్మింది.