మెడ మాత్రం తిప్పకండి

మహ్రూస్ అన్నయ్యకు,

సలాం. మీ కత్తెరా, మీ కబుర్లూ చల్లగా ఉండాలి.

రేపు జుమ్మా నమాజుకు ముందు మా ఆయన మీ కొట్టుకు వస్తారు. పక్షవాతం వచ్చాక గడప దాటడం ఇదే మొదలు. క్షవరం చేయండి, గడ్డం గీయండి, అలెగ్జాండ్రియా సముద్రంలో చేపలన్నీ మీరే పట్టినట్టు కోతలు కోయండి. చివర్లో మెడ పట్టుకుని టప్పున మెటికలు విరుస్తారే, అది మాత్రం వద్దు.

"మెడ రక్తనాళంలో నెత్తురు గడ్డకట్టిందమ్మా. అందులో ఓ ముక్క ఊడి మెదడుకు పోయింది. మెడ తిప్పితే ఇంకోటి ఊడొచ్చు" అన్నాడు డాక్టరు. మీ చేతివల్ల కాదు అన్నయ్యా, ఆ పాడు సిగరెట్లవల్ల. కానీ మీరు కుమిలిపోతారని ఆయన బెంగ. "వాడికి చెప్పావంటే ఊరుకోను. నన్ను కోడిగుడ్డులా పట్టుకుంటాడు" అని పలక మీద రాసి చూపించారు, మాట ఇంకా సరిగా రాక. అందుకే ఇది చదివి చింపేయండి.

అలవాటుకొద్దీ ఆయనే మెడ వంచుతారు. అప్పుడు భుజాల మీద ఊరికే చేతులు వేసి ఉంచండి.

క్షవరం అయ్యాక ఎప్పట్లాగే "నయీమన్, హాయిగా ఉండు" అనండి. అని, వెంటనే తువ్వాలు దులపకండి. కాస్త ఆగండి. "నీకూ అల్లా హాయినివ్వాలి" అని మీకు బదులు చెప్పాలని అద్దం ముందు కూర్చుని నేర్చుకుంటున్నారు. నా పేరింకా ఆయన నోట తిరగలేదు. మీకు చెప్పాల్సిన ఆ బదులు మాత్రం నిన్న సగం వచ్చింది.

మిగతా సగం మీ కుర్చీలో రావాలి.

మీ చెల్లెలు