బావగారి వెల్లుల్లి వైద్యం

మంగళవారం

ఇవాళ బావగారిని గుమ్మంలోంచే పంపేసేను. నాకేం బాధగా లేదు.

మా ఆయన పది రోజులుగా బీపీ మాత్రలు మానేసేరట. రావికమతం నుంచి వాళ్ళన్నయ్య ఫోన్ చేసి, "ఆ మందులు మొదలెడితే చచ్చేదాకా ఒదలవు, వెల్లుల్లి రసం తాగు" అన్నారట. ఈయన నాకు తెలీకుండా రోజూ మాత్ర పెరట్లో పారేసేరు. పొద్దున్న బాత్రూంలో కళ్ళు తిరిగి పడ్డారు. కనుబొమ్మ మీద నాలుగు కుట్లు. "పక్షవాతం వచ్చేదమ్మా, చూసుకోవద్దా?" అని డాక్టరు నన్నే కసిరేరు.

సాయంత్రం ఆ పెద్దమనిషి మరో సీసా రసంతో దిగేరు.

"ఏటమ్మా ఆ చూపు? తమ్ముడి మేలు కోరే సెప్పేను."

"మరి మీ షుగర్ మాత్రలు మీరెందుకు మానలేదండీ?" అన్నాను. ఆయన సీసా నా చేతిలో పెట్టబోయేరు. "బేగి బయల్దేరండి, బస్సు పోతుంది" అని తలుపేసేను.

"మా అన్నయ్యని అంత మాటంటావా?" అని ఈయన గోడవైపు తిరిగి పడుకున్నారు. పడ్డందుకు సిగ్గు లేదు. మాత్ర మాత్రం నా ఎదురుగానే వేసుకున్నారు.

మింగేరో, బుగ్గన పెట్టుకున్నారో. నోరు తెరవమని అడగాల్సింది.