పెట్రోలుతో తుడిచిన హెల్మెట్

అక్టోబర్ 22, 2012, సోమవారం

భాగ్య ఇంట్లో లేదు. సద్దుల బతుకమ్మకని పొద్దున్నే చిలుకూరు వెళ్లింది, చెల్లెలు మంగ దగ్గరికి. రేపు సాయంత్రం గాని రాదు. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి ఒకటే మాట — "పండుగకు నా సైకిల్ కడుగు, వద్దనను. హెల్మెట్ మాత్రం సబ్బునీళ్లతోనే తుడువు."

చెప్పొచ్చింది పంతులమ్మ! పెళ్లికి ముందు నుంచీ బండ్లు విప్పి బిగిస్తున్నవాణ్ణి. మెకానిక్‌కి పెట్రోలే సబ్బు. చేతులు కడిగినా అదే, చైన్ కడిగినా అదే, ప్లగ్ తుడిచినా అదే.

షాపులో పానాలు, జాకీ, గాలి పంపు అన్నీ తళతళ. ఆఖరున ఆమె హెల్మెట్. ఏడాది చెమట — లోపలి తెల్ల థర్మకోల్ అంతా నల్లబడింది. మెత్తలు ఊడదీసి, గుడ్డ పెట్రోల్లో ముంచి, గట్టిగా రుద్దా. మురికి బాగానే వదిలింది. వేళ్లకు జిగురు జిగురుగా ఏదో అంటింది... చెమట జిడ్డే అయ్యుంటుంది. మెత్తలు మళ్లీ అతికించేశా. పైన మెరుగు చూస్తే కొత్తది కూడా దీని ముందు బలాదూర్.

అక్టోబర్ 24, బుధవారం. దసరా

షాపులో పూజ. పానాల పక్కన ఆమె సైకిల్, సైకిల్ మీద హెల్మెట్. దానికీ పసుపు, కుంకుమ, ఒక బంతిపువ్వు.

భాగ్య చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "కొత్తదాన్లెక్క చేసినవ్ గదయ్యా! సబ్బుతోనేనా?" అంది. "మరి?" అన్నా. ఎందుకన్నానో! పండుగపూట వాదన ఎందుకని, అంతే.

పోయినేడు భాగ్య మలుపు దగ్గర కంకర మీద సైకిల్‌తో సహా జారిపడి సూర్యాపేట దవాఖానలో ఉన్న రోజులు గుర్తొచ్చాయి. మళ్లీ తలకు దెబ్బ తగలొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. అందరం సైకిల్ మానెయ్యమన్నాం. "సైకిలెక్కితెనే నాకు ఊపిరాడుతది. మానను" అంది. బస్సు కోసం చెట్టు కింద నిలబడే బతుకు వద్దంది. అప్పుడు కొన్నదే ఈ హెల్మెట్. కొప్పు అడ్డమొస్తోందని ఇష్టమైన కొప్పు కూడా మానేసి జడ కిందికి దించింది. బళ్లో పిల్లలు నవ్వినా మానలేదు.

అక్టోబర్ 29, సోమవారం

బడి తెరిచారు. బొట్టు, జడ, హెల్మెట్ — నా భార్య సవారీ బయల్దేరింది. పని ఎక్కువ. రాసే ఓపిక లేదు.

అక్టోబర్ 31, బుధవారం

మధ్యాహ్నం ట్రేలో పెట్రోలు పోసి కార్బురేటర్ కడుగుతున్నా. కొత్త పార్ట్ డబ్బాలోంచి థర్మకోల్ ముక్క ఒకటి జారి ట్రేలో పడింది. తీద్దామనేలోపే చారులో పడ్డ మరమరంలా ముడుచుకుపోయింది. మిగిలింది వేళ్లకు అంటుకునే జిగురు. అదే జిగురు.

షట్టర్ సగం దించి ఇంటికి పరుగు. భాగ్య ఇంకా రాలేదు. వచ్చాక "తలనొప్పి, తొందరగా వచ్చేశా" అని చెప్పి, ఆమె స్నానానికి వెళ్లగానే మెత్తలు ఊడదీశా. లోపలంతా గుంతలు గుంతలు. బొటనవేలితో నొక్కితే తడి బెల్లంలా దిగబడింది. పైన మాత్రం అద్దంలా మెరుపు. మూడు రోజులుగా దీన్నే పెట్టుకుని లారీల పక్కనుంచి వెళ్లి వచ్చింది నా భార్య. సబ్బుతోనేనా అంటే నేను "మరి?" అన్నాను కనక.

మెత్తలు మళ్లీ అతికించా. ఎందుకు అతికించానో నాకే తెలియదు.

నవంబర్ 1

వాన. బస్సులో వెళ్లింది. దేవుడా, ఇలాగే కురవనీ.

నవంబర్ 2

కురుస్తోంది. చెప్పాలి. అన్నం దగ్గర నోటిదాకా వచ్చింది. "భాగ్యా..." అన్నా. "ఏంది?" అంది. "పప్పు బాగుంది" అన్నా. ఛీ.

చెబితే ఏమవుతుంది? తిడుతుంది, అంతే కదా. తిట్టు కాదు నా బాధ. "సబ్బునీళ్లని చెప్పిన గదా" అని ఒక్కసారి అని, ఇక మాట్లాడకుండా నా వైపు చూస్తుందే — ఆ చూపు ముందు నిలబడలేను. కోదాడంతా బండి పాడైతే నా దగ్గరికే వస్తారు. నా ఇంటి మనిషి తలకాయ మీదిదే నేను పాడుచేశా.

నవంబర్ 5, సోమవారం

వాన వెలిసింది.

పొద్దున్నే, ఆమె లేవకముందే, సైకిల్ రెండు టైర్లలో గాలి తీసేశా. ఇంకేం తోచలేదు. "గాలి ఎట్ల పొయింది? నిన్న మంచిగనే ఉండె!" అని అటూ ఇటూ చూసి, పంపు అడిగింది. పంపు షాపులో ఉందన్నా. బస్సు తప్పిపోయి బడికి ఆలస్యం. సాయంత్రం మొహం ముడుచుకుని వచ్చింది. పెద్దసారు అందరి ముందూ ఏదో అన్నాడట.

నవంబర్ 6

మళ్లీ తీశా. నేనిది రాస్తున్నందుకే సిగ్గుగా ఉంది.

ఈసారి ఆమె అనుమానం పక్కింటి ఆటో యాదగిరి మీదికి పోయింది. మొన్న గోడ పక్కన ఆటో పెట్టొద్దంది కదా, ఆ కక్ష అనుకుంది. నేరుగా వాళ్ల వాకిట్లోకి వెళ్లి నిలదీసింది. "నాకేం పనండీ మేడం, మా పిల్లల మీద ఒట్టు, నేను ముట్టలేదు" అని అతను తల మీద చెయ్యి పెట్టుకున్నాడు. నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నా. పైగా భాగ్య వెనక్కి వచ్చాక "పోనీలే, ఊకో" అని పెద్దమనిషిలా సర్దిచెప్పా.

నవంబర్ 7

ఒక దారి దొరికింది. కొత్తది కొనేస్తే? దీపావళికి బహుమతి అంటా. పాతది మాయం చేస్తా. ఏమీ చెప్పనక్కర్లేదు. ఈ ఆలోచన వచ్చాక మొదటిసారి కడుపునిండా టీ తాగా.

ఆమెకు మాత్రం ఇంకోటి చెప్పా — యాక్సిల్ గట్టిగా పట్టేసింది, సైకిల్ షాపులో ఉండనీ, నాలుగు రోజులు బస్సులో వెళ్లు అని. నమ్మింది. నేను మెకానిక్‌ని కదా, నమ్మదా మరి.

నవంబర్ 9

తల కొలత కావాలి. పాతదాని లోపల కొలిస్తే లాభం లేదు, అది కరిగిపోయింది. భాగ్య కూర్చుని కాపీలు దిద్దుతుంటే ఎర్రదారం పట్టుకుని వెనకనుంచి వెళ్లా. "దిష్టి తీస్తా, కదలకు" అన్నా. కనుబొమ్మల పైనుంచి చెవుల మీదుగా చుట్టూ తిప్పి, ముడి దగ్గర గోటితో గుర్తు పెట్టుకున్నా.

పడీపడీ నవ్వింది. "నువ్వెప్పటిసంది నమ్ముతున్నవ్ దిష్టి? దేవుడు నీ బుద్ధి మార్చిండు" అంది. తర్వాత కళ్లలో నీళ్లు పెట్టుకుని "పడ్డనాటి నుంచి నువ్వు నా గురించి శానా భయపడుతున్నవయ్యా" అని నా చెయ్యి పట్టుకుంది.

ఆ చేతిలోనే దారం ఉంది. ఇంతకంటే నీచం ఉంటుందా?

నవంబర్ 10, శనివారం

మిర్యాలగూడకు పార్టుల కోసమని చెప్పి సూర్యాపేట వెళ్లా. పాత హెల్మెట్ కొన్న షాపే.

ఈసారి తొందరపడలేదు. దారం తీసి టేపు మీద పరిచా. మూడు నాలుగు నా నెత్తిన పెట్టుకుని తల ఊపి ఊపి చూశా. కదిలేవి పక్కన పెట్టేశా. నొక్కేవి కూడా. వెనక తిప్పే బిళ్ల ఉన్నది నచ్చింది, జడ కిందనుంచి పట్టి నిలుస్తుంది. ముందు భాగం కనుబొమ్మకు రెండు వేళ్ల పైన ఉండాలట, నెత్తి వెనక్కి తోసుకుంటే దండగట. గడ్డం కింద పట్టీలో ఒక వేలు దూరాలట, రెండు దూరకూడదట. పాత కంపెనీదే తీసుకున్నా. ఆమెకు అలవాటైన కంపెనీ అని.

"దేనితో తుడవాలె?" అని అడిగా. షాపాయన వింతగా చూసి "సబ్బునీళ్లు. ఎండల పెట్టొద్దు. ఒక్కసారి కిందపడి దెబ్బ తిన్నదంటే మళ్ల పెట్టుకోవద్దు" అన్నాడు. తలూపా. అక్కడే నిలబడి అనవసరంగా ఇంకోసారి చెప్పించుకున్నా.

నవంబర్ 13. దీపావళి

దీపాలు పెట్టాక ఇచ్చా. చిన్నపిల్లలా సంబరపడింది. "పాతది మంచిగనే ఉంది గదా, దండగ ఖర్చు!" అంటూనే అద్దం ముందుకు పరుగెత్తింది. పెట్టుకుని ఇల్లంతా తిరిగింది. దాంతోనే కాకరపువ్వొత్తులు కాల్చింది.

తేలికైంది. నిజంగా. పాతదాన్ని రేపు షాపుకు తీసుకెళ్లి పగలగొట్టేస్తా.

నవంబర్ 15

షాపులో ఒకటే పని. పాతది ఇంట్లోనే అటక మీద ఉంది. సైకిల్ ఇచ్చేశా, "యాక్సిల్ బాగైంది" అని.

నవంబర్ 18, ఆదివారం

అటక మీద లేదు. బల్ల కింద చూశా, బియ్యం డ్రమ్ము వెనక చూశా.

"పాత హెల్మెట్టా? మంగకిచ్చిన" అంది, చేటలో బియ్యం చెరుగుతూ. "మొన్న వచ్చింది గదా, నువ్వు షాపుల ఉన్నవ్. అంగన్‌వాడీకి హుజూర్‌నగర్ రోడ్డు మీదనే పోతది సైకిల్ మీద. నువ్వేమో తళతళలాడేటట్టు తుడిచి పెట్టినవ్. ఎంత సంతోషపడ్డదో!"

బల్ల మీద కూర్చుండిపోయా. "ఏమైంది?" అంది. ఏం లేదన్నా.

నవంబర్ 19

షాపు తెరవలేదు. చిలుకూరు వెళ్లా.

మంగ అంగన్‌వాడీ నుంచి వస్తూ దార్లోనే ఎదురైంది. నెత్తిన అది. పట్టీ బిగించుకుని, ముందు భాగం సరిగ్గా దించుకుని — అక్క చెప్పినట్టే. నన్ను చూసి సైకిల్ దిగి మొహమంతా నవ్వు. "బావా! ఇది పెట్టుకున్నంక భయమే పొయింది. ఇదివరకు లారీ వస్తే దిగి నిలబడేదాన్ని. ఇగ దిగుతలేను, పక్కన్నుంచే పోతున్న!"

ఇప్పుడే చెప్పేయాలనుకున్నా. అక్కడ నలుగురు ఆడవాళ్లు నిలబడి చూస్తున్నారు. నోరు తెరిస్తే వచ్చింది వేరే మాట. "మంగా, దాన్ని కంపెనీవోళ్లు వాపస్ పిలిచిండ్రు. తయారీల ఏదో లోపమంట. నేను తీస్కపోవాలె."

నవ్వు మాయమైంది. మెల్లగా పట్టీ విప్పి, కొంగుతో తుడిచి మరీ ఇచ్చింది. "ఇచ్చింది మళ్ల తీస్కపోతరా బావా? నాకిచ్చుడు ఇష్టం లేదని చెప్తే అయిపాయె" అంది. లోపమని నమ్మలేదు, పిసినారితనం అనుకుంది. అనుకోనీ. నీకు మంచి కొత్తది తెచ్చిస్తా అన్నా. వద్దంది. సైకిల్ ఎక్కకుండా నడిపించుకుంటూ వెళ్లిపోయింది.

నవంబర్ 20

షాపులో సుత్తితో కొట్టా. ఒక్క దెబ్బకే లోపలిది పిండయింది. చెత్తలో వేశా. ఖతం. ఇక ఎవరి నెత్తికీ భయం లేదు.

నవంబర్ 21, బుధవారం

పొద్దున భాగ్య సైకిల్ తీస్తోంది. తల బోసిగా. కొత్త హెల్మెట్ మేకుకే వేలాడుతోంది.

"హెల్మెట్ మరిచిపోయినవ్" అన్నా.

"మరవలే. మంగ ఫోన్ చేసి ఏడ్చింది. కంపెనీవోళ్లు వాపస్ పిలిచిండ్రంట గదా, నాకెందుకు చెప్పలే? ఇదీ గా కంపెనీదే. ఆడపిల్ల దగ్గర్నుంచి గుంజుకొచ్చినవ్ గాని, నా నెత్తిదాన్ని మాత్రం ఉంచినవ్!"

"కాదు భాగ్యా, ఇది మంచిదే. ఒట్టు."

"మంచిదని నీకెట్ల తెలుసు?"

ఒక్క నిమిషం నా మొహంలోకి చూసి, బెల్ కొట్టి, గేటు దాటింది. వెనక పరుగెత్తా. మూల తిరిగేసింది. బండి స్టార్ట్ కాలేదు — ఊళ్లో వాళ్ల బండ్లన్నీ బాగుచేస్తా, నాది కాదు.

ఫోన్ చేశా. ఎత్తలేదు. సైకిల్ మీద ఉన్నప్పుడు ఎత్తదు.

పదిన్నరకు బడికి ఫోన్ చేస్తే "మేడం క్లాసులో ఉన్నారు" అన్నారు. చేరింది. అమ్మయ్య. కానీ తిరిగి రావాలి కదా, అదే రోడ్డు మీద, అలాగే.

ప్లగ్ మార్చా, బండి లేచింది. హెల్మెట్ సంచిలో పెట్టా. నాలుగింటికి బడి వదులుతారు. గేటు దగ్గర నిలబడాలి. "భాగ్యా, దసరాకి నేను పెట్రోలుతో..." వరకు వస్తోంది. ఆ తర్వాతి మాట ఎంతకీ రావడం లేదు. టైం మూడు దాటింది...