పొమ్మన్న నయోమి

జూన్ 3, మంగళవారం

ఇవాళ కూడా నలుగురు వచ్చారు. నలుగురిదీ అదే మాట. యెహోవా ఇచ్చాడు, యెహోవా తీసుకున్నాడు... సంఘంలో పెద్దావిడ కదా ఎస్తేరమ్మ — నా చెయ్యి పట్టుకుని, కళ్లు మూసుకుని, రాగం తీసి మరీ చెప్పింది. చెప్పాక కాఫీలో చక్కెర తక్కువైందని నా కోడలు పద్మను పిలిచి వేయించుకుంది.

ఆ మాట అన్నది యోబు. తన పిల్లలు పోయినప్పుడు తన నోటితో తాను అనుకున్నాడు. పక్కింటివాళ్లు వచ్చి యోబుకు చెప్పలేదు. ఇరవై ఏళ్లుగా సండే స్కూల్లో పిల్లలకు ఇదే నేర్పుతున్నాను — ఎవరన్నారు, ఎవరితో అన్నారు, ఎప్పుడన్నారు, ముందూ వెనకా చదవండి అని. ఎనిమిదేళ్ల పిల్లలకు అర్థమవుతుంది. వీళ్లకు కాదు.

నా కొడుకు సునీల్ పోయి మూడు వారాలు. సూళ్లూరుపేటలో షిఫ్టు దిగి బండి మీద ఇంటికి వస్తూ... ఇంతకుమించి రాయలేను.

జూన్ 4

యోబు స్నేహితులు చేసిన మంచి పని ఒక్కటే. వచ్చి, వారం రోజులు నేల మీద కూర్చుని, నోరు మూసుకున్నారు. దాని మీద ఎవరూ ప్రసంగం చెయ్యరు.

జూన్ 6, శుక్రవారం

పద్మ బొట్టు పెట్టుకుంటోంది. రోజూ పెట్టుకున్నట్టే, పొద్దున స్నానం చేసి, చిన్న స్టిక్కరు. చిత్తూరు నుంచి వాళ్ల పెద్దమ్మ ఫోను — మొగుడు పోయినాక ఇంకా బొట్టేందే, తీసెయ్. మధ్యాహ్నం ఎస్తేరమ్మ — క్రైస్తవ ఇంటి కోడలికి బొట్టేందమ్మా, తీసెయ్యమను. ఇన్నాళ్లూ ఒకరి ముఖం ఒకరు చూడని రెండు పక్షాలు ఆ చుక్క దగ్గర ఏకమయ్యాయి.

పద్మ ఎవరికీ జవాబు చెప్పలేదు. సునీల్‌కు ఆ బొట్టంటే ఇష్టం. అది నాకూ తెలుసు, దానికీ తెలుసు. వాళ్లకెందుకు చెప్పాలి?

జూన్ 8, ఆదివారం

ఆరాధన అయ్యాక పాస్టర్ గారు ఇంటికి వచ్చారు. ఇరవై రెండున ఆదరణ కూడిక పెడదామన్నారు. సరే అన్నాను. మన దగ్గర పెట్టుకునేదే, పోయినవాడిని తలుచుకుని నాలుగు పాటలు, ఒక ప్రార్థన, భోజనం. ఆ తర్వాత గొంతు తగ్గించి, అదే రోజు పద్మకు బాప్తిస్మం కూడా ఇచ్చేద్దామన్నారు. పేరు కూడా అనుకున్నారట. రూతు.

"రూతు అత్తతో ఏమనింది? నీ జనమే నా జనము, నీ దేవుడే నా దేవుడు. ఆ ఒక్క మాట ఆ పాపతో అందరి ముందర చెప్పించండమ్మా. సంఘానికి ఎంత సాక్ష్యం."

రెండేళ్ల కిందట వాళ్ల పెళ్లి ప్రార్థనలోనూ ఈయన ఇదే వచనం చదివారు. అప్పుడు భార్య భర్తతో అన్నట్టు చెప్పారు. నేను తప్పు పట్టలేదు, పెళ్లిలో ఎవరు పడతారు! ఇప్పుడు అత్తతో అన్నదని గుర్తొచ్చింది. అవసరం ఎటుంటే వచనం అటు తిరుగుతుంది.

మా ఆయన తల ఊపారు. పద్మ వంటింట్లో ఉంది. అక్కడికి వినిపిస్తుందన్న ఆలోచన కూడా ఎవరికీ లేదు.

సాక్ష్యమట. నా కొడుకు చావు మీద.

జూన్ 11

మా ఆయనతో గొడవ. ఇన్నేళ్ల కాపురంలో ఇంత గట్టిగా ఎప్పుడూ అరవలేదు.

"ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి. నువ్వెందుకట్ల ఎగరతావు? ఆ పిల్ల దేవుడిలోకి వస్తే నీకు చేదా?"

చేదు కాదు. దేవుడికి తెలుసు. ఈ ఇంటికి వచ్చిన రోజు నుంచీ దాని కోసం మోకరించింది నేను, ఈయన కాదు. అది నమ్మాలని నాకు ఎంత ఆశో... కానీ ఏడ్చి ఏడ్చి నిలబడలేకున్నదాన్ని నీళ్ల దగ్గరకు నడిపించుకుపోయి ముంచడం నమ్మకమా?

చివరికి ఆయన గోడ వైపు తిరిగి మెల్లగా అన్నారు. "కొడుకు లేడు. కోడలన్నా మనదనిపించుకోనీ."

లేచి ఆయన మీద దుప్పటి కప్పాను. కోపం మాత్రం తగ్గలేదు.

జూన్ 13, శుక్రవారం

కూడిక కార్డులు వచ్చాయి. పైన సునీల్ ఫోటో — పెళ్లినాటిది, పద్మను కత్తిరించేసి. పక్కన రూతు వచనం, సగం. అడుగున: దుఃఖాక్రాంతులు — తల్లిదండ్రులు, భార్య రూతు.

ప్రెస్సు అబ్బాయి కట్ట ఇచ్చింది పద్మ చేతికే. డ్యూటీకి పోతూ గడపలో ఎదురైందట. ల్యాబ్ కోటు వేసుకుని అలాగే నిలబడి చదివింది. నా దగ్గరకు తెచ్చింది.

"ఈ రూతు ఎవరత్తా?"

అడగడంలో ఎత్తిపొడుపు కూడా లేదు. నిజంగానే అడిగింది. ఏదో తప్పు పడింది, సునీల్‌కు ఇంకో భార్య ఉందని అచ్చు వేశారు అన్నట్టు.

కట్ట మొత్తం తీసుకెళ్లి బియ్యం డబ్బాలో పడేశాను. చింపాలనే అనుకున్నాను. వాడి ఫోటో ఉంది. చింపలేకపోయాను.

జూన్ 14, శనివారం

దానికి సెలవు. చిక్కుడుకాయలు వలుస్తూ కూర్చున్నాం. "ఆ కథేందో చెప్పండత్తా, నా పేరు మార్చినారు గదా, తెలుసుకోవద్దా" అంది.

పుస్తకం తెచ్చి మొదటి అధ్యాయం మొత్తం చదివాను. ఒక్క ముక్క వదల్లేదు. కరువొచ్చి నయోమి కుటుంబం బేత్లెహేము నుంచి పరాయి దేశం మోయాబుకు పోవడం. నయోమి మొగుడు పోవడం. ఇద్దరు కొడుకులు అక్కడి పిల్లలను చేసుకోవడం. ఆ కొడుకులిద్దరూ... ఆ వాక్యం రెండుసార్లు మొదలుపెట్టాను. పద్మ చిక్కుడుకాయలు వలుస్తూనే ఉంది. ఆగింది, మళ్ళీ వలిచింది.

నయోమి సొంత ఊరికి బయలుదేరడం. కోడళ్లిద్దరూ వెంట రావడం. మీ అమ్మల ఇళ్లకు పొండమ్మా, చనిపోయినవాళ్ల పట్ల నా పట్ల మీరెంత బాగున్నారో దేవుడు మీ పట్ల అంత బాగుండాలి అని ముద్దు పెట్టుకోవడం. పోమంటే మళ్ళీ పొమ్మనడం. ఒక కోడలు ఓర్పా ఏడ్చి వెళ్లిపోయాక రూతును కూడా పొమ్మనడం. అన్నిసార్లు పొమ్మన్నాకే రూతు ఆ మాట అన్నది. కార్డు మీద ఉన్నది ఆ సగమే.

ఊళ్లోకి చేరాక నయోమి అంటుంది — నన్ను నయోమి అనకండి, మారా అనండి, అంటే చేదు. దేవుడే నా బతుకు చేదు చేశాడు అని.

"అట్ల అనిందని దేవుడు ఆయమ్మను ఏమీ అనలేదా?"

లేదన్నాను. ఎక్కడా లేదు. వెతుక్కో.

"అయితే మీరూ నోరు తెరిచి అనొచ్చు గదత్తా. అత్త మీద కోపం దుత్త మీద అంటారు. ఈ ఇంట్లో దేవుడి మీద కోపం దుత్తల మీద. నెల నుంచి గిన్నెలు బతకనీలేదు మీరు."

నవ్వాను. వాడు పోయాక మొదటిసారి. నవ్వుతుండగానే అది చిక్కుళ్ల గిన్నె తీసుకుని లేచింది. లేస్తూ, నా వైపు చూడకుండా —

"ఆయమ్మ అన్నిసార్లు పొమ్మనిందే. మీరు నన్ను ఒక్కసారన్నా అనలేదే."

జూన్ 15

నిజమే. ఎవరూ అనలేదు. ఉండమన్నవాళ్లే అందరూ. నేను ఆ మాట కూడా అనలేదు — అడగకుండానే అది ఉంటుందనుకున్నాను, గోడకు తగిలించిన గడియారంలాగా. పాస్టర్ గారి మీద, మా ఆయన మీద ఎగిరానే, నేను చేసిందేమిటి?

పొమ్మనాలి. నోటికి రావడం లేదు.

జూన్ 17, మంగళవారం

వియ్యంకుడు మునిరత్నం వచ్చాడు. మామిడి మండీ నుంచి నేరుగా — చొక్కా నిండా మామిడి సొన మరకలు. సీజను మధ్యలో మండీ వదిలి వచ్చాడంటేనే తెలుస్తోంది. ఒక బుట్ట బేనీషా పండ్లు తెచ్చాడు. సునీల్ ఫోటో ముందు చాలాసేపు నిలబడ్డాడు.

"పాపను తీసకపోదామని వచ్చినానక్కా. ఈడ ఏందేందో చేస్తా ఉండారంట గదా. పేరు మార్చేది, నీళ్లలో ముంచేది. ఊళ్లో అందరూ అడగతా ఉండారు. నేనేం చెప్పేది?"

ఆయన మీద జాలి వేసింది. అంతలోనే ఒళ్లు మండింది. ఈయన కూడా ఊళ్లోవాళ్లకు ఏం చెప్పాలనే. ఇక్కడ సంఘం, అక్కడ ఊరు. మధ్యలో ఉన్నదాన్ని అడిగినవాడు లేడు.

"తీసకపో. ఇప్పుడే తీసకపో. అందరూ తలా ఒక చెయ్యి పట్టుకుని లాగండి" అని అరిచాను. పద్మ లోపలి నుంచి వింది. అది పొమ్మనడం కాదు. ఆ పిల్ల ముఖం చూశాక నాకే తెలిసింది.

"ఇప్పుడు కాదులే నాయనా, నేను ఫోన్ చేస్తా" అని వాళ్ల నాన్నకు మజ్జిగ ఇచ్చి పంపింది.

జూన్ 18

పాస్టర్ గారి ఇంటికి వెళ్లాను. పుస్తకం తీసి ఆయన ముందు పెట్టి మొత్తం అధ్యాయం పైకి చదవమన్నాను.

"అమ్మా, నాకు రాదా ఆ అధ్యాయం?"

వస్తే చదవండి అన్నాను. చదవలేదు. వచనం యాడున్నా వచనమే, దేవుడు దేన్నైనా వాడుకుంటాడు, సంఘమంతా ఎదురు చూస్తా ఉంది — ఇవే.

నయోమి పొమ్మంది పాస్టర్ గారూ, అన్నాను. తన దేవుడి దగ్గరకు రమ్మని ఒక్క ముక్క అనలేదు. అందుకే రూతు మాటకు ఆ విలువ. బలవంతంగా చెప్పించే మాటైతే ఆ కథ పుస్తకంలో ఉండేదే కాదు.

ఆయన తల దించుకున్నారు. ఆయనను తిట్టుకుందామనే ఇంటికి వచ్చాను, కుదరలేదు. నాయుడుపేట ఆసుపత్రి నుంచి వాడిని తెచ్చినప్పుడు అంబులెన్సులో వాడి పక్కన కూర్చున్నది ఆయనే. దారంతా వాడి తల కుదుపులకు కదలకుండా పట్టుకుని వచ్చారట. ఆ చేతులను ఎలా తిట్టను?

కానీ కార్డులు పంచనివ్వనన్న మాట మాత్రం నేను వెనక్కి తీసుకోలేదు.

జూన్ 20, శుక్రవారం

చెప్పాను.

బాగా చెప్పలేదు. బియ్యం కడుగుతూ, కుళాయి వైపు చూస్తూ చెప్పాను. మీ అమ్మ దగ్గరకు పో పద్మా. మేము ఏమీ అనుకోము. వాడిని నువ్వెలా చూసుకున్నావో నాకు తెలుసు. నువ్వు ఇంకా చిన్నదానివి. బొట్టు పెట్టుకో, పెట్టుకోకపో, ఏ దేవుడికి మొక్కుకున్నా నువ్వు నాకు...

మాట అక్కడే ఆగిపోయింది.

పద్మ నా చేతిలోంచి బియ్యం గిన్నె తీసుకుని నీళ్లు వంచింది. రూతు అన్న మాట అంటుందేమో అని చూశాను. అవును, చూశాను. ఇన్ని కబుర్లు చెప్పి, నా చెవులు ఆ మాట కోసమే వేచి ఉన్నాయి.

"నాకు ఇప్పుడు ఏ దేవుడితోనూ మాటల్లేవత్తా" అంది. "మీ దేవుడితోనూ లేవు, మా కొండ మీది స్వామితోనూ లేవు. పోతాను. ఎన్నాళ్లో తెలీదు."

కుక్కరు పెట్టింది. అన్నం తిన్నాం.

జూన్ 21

వెళ్లింది. మునిరత్నం కారు తెచ్చాడు. మా ఆయన గేటు దాకా కూడా రాలేదు. సునీల్ నీలం చొక్కా ఒకటి తీసుకుపోతానని అడిగింది. అడగాలా?

జూన్ 22, ఆదివారం

ఆదరణ కూడిక. కార్డులు బియ్యం డబ్బాలోనే ఉన్నాయి, పంచనివ్వలేదు. పాస్టర్ గారు రూతు మొదటి అధ్యాయమే తీశారు. ఈసారి మొత్తం చదివారు. నా ప్రాణం కొంచెం కుదుటపడింది.

అంతలో మొదలుపెట్టారు. ఓర్పా వెనక్కు పోయింది, లోకంలోకి పోయింది, మన మధ్య కూడా ఓర్పాలు ఉంటారు... అందరి తలలూ ఖాళీ కుర్చీ వైపు తిరిగాయి. నా పక్కన పద్మ కోసం వేసిన కుర్చీ.

లేచి నిలబడ్డాను. ప్రసంగం మధ్యలో ఆడవాళ్లు లేవడం మా సంఘంలో లేదు. మా ఆయన కొంగు పట్టి లాగారు.

"నయోమి ఓర్పాను తిట్టలేదు. ముద్దు పెట్టుకుని, దీవించి, పొమ్మనింది. పంపింది ఆయమ్మే. నా కోడల్ని పంపింది నేను. అనేదుంటే నన్ను అనండి."

మైకు కీచుమంది. ఎస్తేరమ్మ పాట అందుకుంది. భోజనాల దగ్గర నా పంక్తిలో ఎవరూ కూర్చోలేదు. మా ఆయన మాత్రం వచ్చి పక్కన కూర్చుని, కాసేపటికి తన ఆకులోని స్వీటు నా ఆకులో వేశారు.

జూన్ 23

సండే స్కూలు ఇక వేరేవాళ్లకు ఇస్తారట. చెప్పించారు. ఇవ్వనీ.

జూన్ 27, శుక్రవారం

పద్మ ఫోను. మండీ గోల వినిపిస్తోంది వెనక, లారీలు, కేకలు. వాళ్ల నాన్నకు సాయంగా కూర్చుంటోందట. తిన్నారా, మామ మాత్రలు వేసుకుంటా ఉండాడా, అన్నీ అయ్యాక —

"ఆ నయోమికి ఆ తర్వాత ఏమైందత్తా? మీరు ఒక అధ్యాయమే చెప్పినారు."

నోటి చివరిదాకా వచ్చింది. నాకు కంఠతా వచ్చు ఆ కథ. ఎన్నిసార్లు పిల్లలతో బొమ్మ వేయించానో — ముసలి నయోమి, ఒడిలో రూతు మళ్ళీ పెళ్లాడి కన్న పిల్లవాడు, చుట్టూ ఊరి ఆడవాళ్లు.

"ఇంకోసారి చెప్తాలే" అన్నాను.

"సరే, వచ్చినప్పుడు" అంది.

ఎప్పుడు అని అడగలేదు. రా అనలేదు. ఫోను పెట్టేశాక వంటింట్లోకి వెళ్లి ఒక గిన్నె ఎత్తి కొట్టాను. తర్వాత దేవుడిని నోరు తెరిచి తిట్టాను, నయోమి తిట్టినట్టే.

చివరి అధ్యాయం నయోమిది. నాది కాదు. ఎవరికో జరిగినదాన్ని ముందూ వెనకా చూడకుండా ఎత్తుకొచ్చి మన ఒడిలో పెట్టుకోకూడదు. నేను నేర్పింది ఇదే కదా, ఇరవై ఏళ్లు.

సాయంత్రం నుంచి అదే పేజీ తెరిచి కూర్చున్నాను. "వచ్చినప్పుడు" అంది. "వస్తే" అనలేదు.