పాత స్పీకరు

బామ్మర్దికి,

క్షేమమని రాయబుద్ధి కావడం లేదు.

నేను చెప్పింది రెండే పనులు. నిలువు చెక్కపెట్టె రేడియోలో ముల్లు తిప్పే దారం జారుతోంది, బిగించమన్నాను. స్పీకరు కాగితం చిరిగింది, అతికించమన్నాను. దారం బాగానే బిగించావు, స్టేషన్లు నిలుస్తున్నాయి. స్పీకరు మార్చమని ఎవడు చెప్పాడు? అరచేతంత కొత్తది పెట్టి, "గొంతు గంటలా ఉంది బావా" అంటావా? మీ అక్కకు చెవులు పోయాయని తోడబుట్టినవాడివి నీకు తెలీదా? చెక్క మీద చెయ్యి ఆనించి, ఆ అదురుతోనే కదా పాట వింటుంది.

నిన్న అలాగే చెయ్యి పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. "ఇంకా పెట్టలేదేం?" అంది. రేడియో మోగుతూనే ఉంది. కరెంటు పోయిందని సైగ చేశాను. తలెత్తి తిరుగుతున్న ఫ్యాను చూసి, చెయ్యి తీసేసింది.

చిరిగిందైనా సరే, ఆ పాత స్పీకరు పట్టుకుని రా. ఉత్త చేతులతో మాత్రం రాకు.

మీ బావ