కరుణమ్మ నొప్పి వహం కాదు

బీదరు,
ఆదివారం, ఆరాధన అయ్యాక

అమ్మకు,

నీ పెద్దకొడుకు జయానందం వందనాలు. ఇక్కడ నేను, నీ కోడలు కరుణమ్మ, నీ కోళ్ళు, అందరం దేవుని దయతో బాగున్నాం. పుణెలో నువ్వు, మన ఎస్తర్, అల్లుడు, పిల్లలు కూడా అట్లాగే ఉన్నారని నమ్ముతున్నాను. ఫోన్లో చెప్దామంటే నా మాట నీకు వినపడదు. వీడియోలో నీకు నా మీసం తప్ప ఏమీ కనపడదు. అందుకే కాగితం పట్టుకున్నాను. జెస్సికా, మామ రాసింది అమ్మమ్మకు ఒక్క ముక్క వదలకుండా గట్టిగా చదువు. ఒకచోట మాత్రం కిటికీ మూయమంటాను. అక్కడ మూసేయ్.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. నీ బొంత ఎవరన్నా కప్పుకుంటున్నారా అని అడిగావు. కప్పుకుంటున్నాం. చిరగలేదు. నీ నల్లకోడి గుడ్లు పెడుతోంది గాని మన ఇంట్లో కాదు, పక్కింటి చంద్రవ్వ కట్టెల్లో. ఆమె మనకు సగమే ఇస్తోందని నా అనుమానం. పంక్చర్ దుకాణం బాగా నడుస్తోంది. హుమ్నాబాద్ రోడ్డు మీద మేకులు ఉన్నంతకాలం నాకు ఫికరు లేదు. ఆ మేకులు నేనే చల్లుతానని లారీవాళ్ళు అంటారు. నువ్వు నమ్మకు. పోయిన వారం ఒక డ్రైవరు టైరు ఉబ్బిందని వస్తే, "అయిదో నెల నడుస్తుంది అన్నా, బరువు మొయ్యనియ్యకు" అన్నాను. నవ్వి నవ్వి కూర్చున్నాడు. టైరు మార్పించుకోకుండానే పోబోతే మళ్ళీ నేనే పట్టుకొని మార్చాను.

ఎస్తర్ కాలు కట్టు విప్పారని తెలిసి సంతోషం. ఇప్పుడన్నా మెట్లమీద ఫోన్ చూసుకుంటూ దిగొద్దని చెప్పు.

ఇంకొకటి అడిగావు. డాక్టర్ సాబ్‌కు మనమీద కోపం పోయిందా అని. పోయింది. ఎట్లా పోయిందో చెప్పాలంటే మొదటినుంచి రావాలి. నీకు సగం తెలుసు, జెస్సికాకు తెలియదు. దానికోసం అనుకొని విను.

జెస్సికా, మీ అత్తకు గర్భసంచి ఆపరేషన్ చేసింది, నువ్వు పుట్టిన దవాఖానాలోనే. నిన్ను బయటికి తీసిన డాక్టర్ సాబే చేశాడు. మీ అమ్మమ్మకు ఆయనంటే ఎంత గురి అంటే, మందు చీటీని కూడా కళ్ళకద్దుకుంటుంది. ఎవరన్నా దవాఖానా నుంచి బతికి వస్తే మన ఇళ్ళల్లో కృతజ్ఞత ప్రార్థన పెట్టుకుంటాం గదా. కుట్లు విప్పి, మనిషి లేచి తిరిగాక పెట్టాలి. మీ అమ్మమ్మ ఆగలేదు. కుట్లు ఉండగానే పెట్టించింది. డాక్టర్ సాబ్‌ను పిలిచి శాలువా కప్పింది, పూలదండ వేసింది. మైకు నేనే తెచ్చాను. మీ అత్త మైకులో, "దేవుని తర్వాత నాకు సారే" అన్నది. దవాఖానావాళ్ళు ఆ వీడియో తీసి ఫోన్లలో అందరికీ పంపుకున్నారు.

ఆ తర్వాత ఆమెకు నొప్పి మొదలైంది. జ్వరం వచ్చేది, పోయేది. నేను ఏదన్నా అంటే నవ్వబోయి కడుపు పట్టుకునేది. "నవ్వియ్యకయ్యా, లోపల ఏదో గుచ్చుకుంటున్నది" అనేది. నా మాటలకు నవ్వకుండా ఉండటానికి ఆ మనిషి పండ్లు బిగబట్టుకోవడం చూసి నాకు భయమైంది. డాక్టర్ సాబ్ దగ్గరికి తీసుకుపోతే చెయ్యి కూడా వెయ్యకుండా, "ఏం లేదమ్మా, వహం. లేని నొప్పి ఉన్నట్టు అనిపిస్తది. మనసుకు ధైర్యం తెచ్చుకో" అన్నాడు. రెండోసారి పోయినా అదే మాట.

ఇంట్లో ఎవరు ఏమన్నారో నేను రాయను. నీకు గుర్తుంది అమ్మా.

నువ్వు పుణె పోయిన తర్వాత ఆమెను కలబురగి తీసుకుపోయాను. అక్కడ స్కానింగు తీశారు. డాక్టరమ్మ తెర మీద వేలు పెట్టి చూపింది. ఆపరేషన్లో నెత్తురు అద్దే గుడ్డ లోపలే ఉండిపోయింది. మళ్ళీ కోశారు, తీశారు. ఇంతవరకు నీకు ముందే రాశాను.

ఇక్కడ ఆపరేషన్ కాగితాలు అడిగితే మన డాక్టర్ సాబ్ దవాఖానాలో ఇయ్యలేదు. ఒకరోజు కంప్యూటర్ ఖరాబు, ఒకరోజు గుమాస్తా సెలవు. నేను అరిచాను. వాళ్ళు వాచ్‌మన్‌ను పిలిచారు. ఆ వాచ్‌మన్ సైకిల్‌కు పంక్చర్ వేసేదే నేను. "అన్నా, నిన్ను నేనెట్ల గెంటాలె? నువ్వే జర బయటికి పో, నా నౌకరి ఉంటది" అని బతిమాలాడు. పోయాను.

అప్పుడు కరుణమ్మే అన్నది, కోర్టులో ఆడవాళ్ళకు ఫుకట్‌గా, పైసా తీసుకోకుండా వకీలును ఇస్తారట, అడుగుదాం అని. ఇస్తారు. ఆడమనిషి అయితే చాలు, ఉన్నోళ్ళా లేనోళ్ళా అని చూడరు. భాగ్యజ్యోతి అని చిన్న వయసు వకీలమ్మ దొరికింది. మొదటిరోజే నా అరుపుల సంగతి పట్టేసింది.

"అన్నా, అరిస్తే కాగితాలు రావు. రాసి అడగాలె. రాసిస్తే మూడు దినాల్ల ఇయ్యాలని కాయిదా, రూలు ఉన్నది. అడిగినట్టు వాళ్ళ ముద్ర ఏపిచ్చుకొని రా."

"ముద్ర ఏయకపోతే?"

"పోస్టుల పంపు. అందినట్టు చీటీ వస్తది. నీ నోటికన్న అది గట్టిగ మాట్లాడతది."

రాసి ఇచ్చాం. కాగితాలు వచ్చాయి. కంప్యూటర్ బాగైందట.

ఆమె మాకు ఉన్న దారులు చెప్పింది. పైసలు కట్టి వైద్యం చేయించుకున్నాం గనుక వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయొచ్చు. నష్టం తెలిసిన రెండేళ్ళలోపల వేయాలి. వకీలు లేకుండా మనమే వేసుకున్నా తీసుకుంటారు. ఆ డాక్టరుకు వైద్యం చేసే లైసెన్సు ఉండాలా వద్దా అన్నది బెంగళూరులో మెడికల్ కౌన్సిల్ చూస్తుంది, అక్కడ పైసలు రావు. పోలీసుల దగ్గరికి కూడా పోవచ్చు గాని, వాళ్ళు ముందు వేరే డాక్టరును అడుగుతారు, పెద్ద నిర్లక్ష్యం అని తేలితేనే ముందుకు పోతారు. సర్కారు దవాఖానాలో ఫుకట్ వైద్యమైతే ఈ కమిషన్ నడవదు, వేరే దారి చూడాలి. "మీకు ఏది కావాలె?" అని ఆమె కరుణమ్మనే అడిగింది, నన్ను కాదు. నేను జవాబు చెప్పబోతే పెన్ను అడ్డం పెట్టింది.

కరుణమ్మ, "సార్ జైలుకు పోవుడు నాకొద్దు. ఆయన లైసెన్సు పోవుడు గూడ వద్దు, ఊళ్ళె ఆడోళ్ళకు ఆయనే దిక్కు. నాది వహం కాదని పదిమందిల తేలాలె" అన్నది. దానికి కమిషనే సరి అని వేశాం.

అప్పుడే గదా నువ్వు ఉత్తరం రాయించావు. దేవుడసొంటి డాక్టరు మీద కేసా, వాపస్ తీసుకో, లేకపోతే నేను బీదరు మొహమే చూడను అని. నేను వెంటనే, తీసుకున్నాను అమ్మా అని రాశాను. నువ్వు మరుసటి ఉత్తరంలో మంచి పని చేశావు బిడ్డా అన్నావు.

జెస్సికా, ఇప్పుడు కిటికీ మూయి. అమ్మమ్మ కర్ర కొంచెం దూరం పెట్టు.

అమ్మా, కేసు వాపస్ తీసుకోలేదు. నీకు అబద్ధం రాశాను. ఊరందరి దగ్గర వేసే వేషమే నీ దగ్గరా వేశాను. కాని ఇది నవ్వించడానికి కాదు, నీ కోపానికి జడిసి వేసింది. ఏమవుతుందిలే అనుకున్నాను. ఏమైందో తర్వాత చెప్తాను, ముందు కేసు సంగతి విను.

కమిషన్‌లో వాళ్ళ వకీలు ఏం చూపించాడో తెలుసా? మన శాలువా వీడియో. పెద్ద తెర మీద నువ్వే, నీ కొత్త చీరలో, డాక్టర్ సాబ్ తలమీద చెయ్యిపెట్టి ప్రార్థన చేస్తున్నావు. నేను మైకు తీగ సరిచేస్తున్నాను. ఇంత మెచ్చుకున్నోళ్ళు ఇప్పుడు పైసల కోసం మాట మార్చారని ఆయన వాదన. ఆ మైకు నేనెందుకు తెచ్చాను అనుకున్నాను. మన దండ మన మెడకే చుట్టుకుంది.

భాగ్యజ్యోతి లేచి, "ఈ వీడియో తీసినప్పుడు గుడ్డ లోపలే ఉన్నది, ఈమెకు తెల్వదు. తెల్వక చెప్పిన థ్యాంక్స్ మాఫీ ఎట్లయితది? గుడ్డ తనంతట తాను నడుచుకుంట లోపలికి పోదు గదా" అన్నది. కమిషన్ అధ్యక్షులు, మీరిద్దరూ ఒప్పుకుంటే ముందు కూర్చొని మాట్లాడుకోండి, కుదరకపోతే కేసు మళ్ళీ మా దగ్గరికే వస్తుంది అన్నారు. ఒప్పుకున్నాం.

ఆ మాట్లాడుకునే గదిలో ఒక మధ్యవర్తి ఉంటాడు. అక్కడ అన్నమాట బయట ఎవరూ వాడుకోకూడదని ముందే చెప్తాడు. కిటికీ మూయమన్నది దీనికి కూడా. భాగ్యజ్యోతి నాకు ముందే ఒట్టు వేయించింది.

"అన్నా, లోపల ఒక్క జోకు గూడ వద్దు."

"చిన్నది?"

"చిన్నది గూడ."

నోట్లో రెండు పిప్పరమెంట్లు వేసుకొని కూర్చున్నాను. డాక్టర్ సాబ్ స్వయంగా వచ్చాడు, మనిషి చిక్కాడు. వాళ్ళ వకీలు, "ఖర్చులు, నష్టం ఇచ్చేస్తం. తప్పని మాత్రం రాయం" అన్నాడు. నాకు సరే అనిపించింది. కరుణమ్మ వకీలును చూడలేదు, డాక్టర్ సాబ్‌నే చూసింది.

"సార్, ఆపరేషన్ దినం మీరు నన్ను బాగ చూసిండ్రు. మైకుల చెప్పింది నిజమే, దాన్ని నేను వాపస్ తీసుకోను. కడుపుల గుడ్డ మరిచిండ్రు, ఇది గూడ నిజమే. రెండు నాయే సార్. గుడ్డ మరిచిందానికి గూడ నాకంత బాధ లేదు, మనిషన్నంక మరుస్తడు. వహం అన్నరు చూడుండ్రి, ఆ మాట. మీరంటే ఇంట్ల గూడ అదే మాటైంది. నా నొప్పి నాకే అబద్ధమనిపిచ్చింది. ఆ మాట మీరు వాపస్ తీసుకోండ్రి."

మాట్లాడొద్దని వాళ్ళ వకీలు డాక్టర్ సాబ్‌ను మోచేత్తో పొడిచాడు. ఆయన ఆ చెయ్యి పక్కకు జరిపాడు.

"అమ్మా, ఆ దినం నీ కడుపు ఒక్కసారి నొక్కి చూసినా తెలుస్తుండె. చూడలే. బయట మంది ఉండిరి, నాకు తొందర ఉండె. వహం కాదు. నీ నొప్పి నిజం, నాదే తప్పు" అన్నాడు.

నా పిప్పరమెంట్లు రెండూ గొంతులో పడ్డాయి. దగ్గి దగ్గి కళ్ళ నీళ్ళు వచ్చాయి. అవి పిప్పరమెంటు నీళ్ళే అని అందరికీ చెప్పాను.

నొప్పికి కారణం లోపల మిగిలిన గుడ్డ అని రాజీ కాగితంలో రాయించారు. ఆయన సంతకం పెట్టాడు, కమిషన్ దాన్నే అందరి ముందు చదివి ఆర్డరు ఇచ్చింది. ఇయ్యాల్సింది ఇచ్చారు. ఆపరేషన్ గదిలో గుడ్డలు లెక్కపెట్టడానికి ఇప్పుడు వేరే నర్సును పెట్టారట, వాచ్‌మన్ చెప్పాడు. గేటు దగ్గర డాక్టర్ సాబ్ ఆగి కరుణమ్మను కుట్ల సంగతి అడిగాడు. ఆమె చెప్పింది. అందుకే కోపం పోయింది అన్నాను.

గల్లీలో కూడా గాలి మారింది. దేవుడసొంటి డాక్టరును కోర్టుకీడ్చిన్రు అని మొన్నటిదాకా దండోరా వేసిన చంద్రవ్వ, నిన్న తన మోకాలి ఆపరేషన్ కాగితాలు సంచిలో వేసుకొని నా దుకాణానికి వచ్చింది. "జయ్యన్నా, నాది యే కమిషన్‌కు పోతది?" అన్నది. నేను సంచిని నీళ్ళ తొట్టి మీదికి పట్టుకొని, "ముంచుతా, బుడగలు ఎక్కడ వస్తే అక్కడ కేసు" అన్నాను. లాక్కొని తిట్టింది. తర్వాత భాగ్యజ్యోతి దగ్గరికి పంపాను.

ఇప్పుడు నా అబద్ధం ఏం చేసిందో విను. కేసు అయిపోయిందనుకొని నువ్వు ఆ తర్వాత ఏ ఉత్తరంలోనూ దాని ఊసెత్తలేదు. కేసు నడుస్తోందని తెలిసి కూడా అత్త ఒక్కమాట అడగలేదు, ఇంకా నన్ను దొంగనొప్పి మనిషే అనుకుంటోంది అని కరుణమ్మ లోలోపల కుమిలింది. నాకు చెప్పలేదు. రాజీ అయిన దినం ఇంటికొచ్చి, "సారన్నడు, ఊరన్నది. అత్త అనలే" అన్నది. అప్పుడు నా గుట్టు చెప్పాను. అన్నం పెట్టింది గాని కూరలో ఉప్పు వేయలేదు, నేనూ అడగలేదు. చివరికి, "ఇప్పుడన్న అత్తకు నిజం రాస్తవా, రాయవా?" అన్నది. రాశాను.

నన్ను ఎంతైనా తిట్టించు, జెస్సికా రాస్తుంది, దాని చేతిరాత నాకు ఇష్టమే. కాని ముందు ఒక ఉత్తరం కరుణమ్మ పేరు మీద రాయించు. ఈ ఇంటికి వచ్చిన ఉత్తరాలన్నీ నా పేరు మీదే, ఆమెకు ఒక్కటీ రాలేదు. పొడుగు వద్దు. నీ నొప్పి నిజమే బిడ్డా అంటే చాలు. పోస్టుమన్ తెస్తే నేను విప్పను, ముందు చదవను, ఆమె చేతికే ఇస్తాను. ఆమె చదివేటప్పుడు దుకాణంలోనే ఉంటాను, మధ్యలో దూరి ఏమీ అనను. ఈ ఒక్కసారి నమ్ము.

ఇట్లు,
నీ చేత దెబ్బలు తినడానికి ఒప్పుకున్న,
నీ పెద్దకొడుకు
జయానందం