జట్టు విడిచేది నేనేనా

బుధవారం రాత్రి

నాతోపాటే పెరిగిన సునీతకు మెసేజ్ పెట్టాలంటే మాటలు రావడం లేదు. అందుకే ముందు ఇక్కడ రాస్తున్నాను.

పూణేలో ఉద్యోగం వచ్చిందని సాయంత్రం చెబితే అది నవ్వలేదు. "టీంను ఇడిచి పోయెటోళ్లను ఏమంటరో నువ్వే చదివి చెప్పినవ్ గదనే" అంది.

నిజమే. చిన్నప్పుడు మా పేటలోని ఫాక్‌లాండ్ రోడ్డులో పాత పేపర్ల దుకాణం నుంచి తెచ్చిన హిందీ సూపర్‌హీరో కామిక్స్‌ను, వరుస గదుల మా చాల్ వరండాలో పిల్లలందరికీ తెలుగులో నేనే చెప్పేదాన్ని. వాటిలో జట్టు విడిచిపోయినవాడు ద్రోహి. పుస్తకంలో హీరోకి ప్రయోగశాలలో శక్తులొస్తాయి, కానీ ప్రయోగశాల అంటే ఆ పిల్లలెవరికీ తెలియదు. అందుకని నేను చెప్పే కథలో మా హీరో కట్టే బిల్డింగు పరంజా మీంచి జారి, నేల తాకకముందే ఎగరడం నేర్చుకునేవాడు. సునీత ఆ ఒక్క పేజీనే మళ్లీ మళ్లీ చెప్పించుకునేది. వాళ్ల నాన్న పరంజా మీంచి పడే చనిపోయాడు.

శనివారం కంపెనీకి జవాబివ్వాలి. సునీతా, శుక్రవారంలోగా "పోయిరా" అని నీ నోటితో చెప్పవే.